ఆగిన చోట చుక్కలు

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో భర్త చొక్కాలు ఎన్ని వేలసార్లు ఇస్త్రీ చేసిందో గానీ, తాను తొడుక్కోవడానికి చెయ్యడం ఆమెకు ఇదే మొదలు. ముందువైపు గుండీలున్న వదులు బట్టలే తెచ్చుకోవాలని ఆస్పత్రివాళ్ల కాగితంలో ఉంది. తలనిండా వైర్లు అతికించాక తలమీదుగా తొడిగేవి పనికిరావట. ఆయన బీరువాలోంచి నాలుగు పాత చొక్కాలు ఏరింది. "ఆ నీలంది వదిలెయ్, నాకిష్టం," అన్నాడాయన. ఆమె నీలందాన్నే ముందు మడతపెట్టి సంచిలో పెట్టింది.

ఆమెకు ఆ పూట మహా హుషారుగా ఉంది. ఎల్లుండి నుంచి నాలుగు రోజులు వీడియో ఈఈజీ. ఎదురుగా కెమెరా, తలమీద వైర్లు, మంచం మీద తను. 'అది' వచ్చినప్పుడు మెదడులో ఏం జరుగుతోందో, ఒంట్లో ఏం కనిపిస్తోందో రెండూ ఒకేసారి రికార్డవుతాయి. ఆ నాలుగు రోజులూ వంటగది ఉండదు. కాలింగ్ బెల్ మోగితే లేవనక్కర్లేదు. లేస్తే నర్సు కోప్పడుతుందట కూడా! తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మన్నారు. ముందురోజు రాత్రి నాలుగైదు గంటలకు మించి పడుకోవద్దన్నారు. "అంటే ఎప్పటిలాగే కదండీ?" అని ఆమె ఫోన్లో అడిగితే టెక్నీషియన్ అమ్మాయి పకపకా నవ్వింది.

'అది' ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు. ఏడాదిగా ఆమె ఉన్నట్టుండి ఆగిపోతోంది. చేస్తున్న పని మధ్యలో, అంటున్న మాట మధ్యలో. మళ్లీ ఈ లోకంలోకి వచ్చేసరికి ఎదురుగా ఎవరో ఒకరు విసుక్కుంటూ ఉంటారు. ఫిట్స్ కావచ్చు, కాకపోవచ్చు, రికార్డు చూడందే చెప్పలేనన్నాడు డాక్టరు. అత్తగారికి అంత సందేహం లేదు. "కిందపడి గిలగిలా కొట్టుకుంటే ఫిట్స్ గానీ, గుడ్లప్పగించి నిలబడితే అదేం జబ్బే? పరధ్యానం!" అని తేల్చేసింది. ఆఫీసులో మేనేజరైతే "మేడమ్‌గారికి దిండు తెప్పించమంటారా?" అని అందరి ముందూ అడిగాడు. ఈ మాటలు విని విని ఆమెకే అనుమానం పట్టుకుంది, తానే ఒళ్లు దగ్గర పెట్టుకోవడం లేదేమోనని. జబ్బయితే మందుంటుంది. కాకపోతే ఆ సంగతైనా తెలుస్తుంది. దానికి ఏదో ఒక పేరు కావాలామెకు, పరధ్యానం తప్ప.

భోజనాలయ్యాక ఆస్పత్రి ఫారం తీసింది. అందులో ఒక పేజీ రోగిది కాదు, చూసినవాళ్లది.

"అప్పుడు నేను నాలో ఉండను కదా, మీరే చెప్పాలి. ఎంతసేపు ఉంటుంది?" అని భర్తను అడిగింది.

"ఎంతసేపంటే... పోయిన నెల్లో పాలు పొంగి స్టవ్వంతా పాడైంది చూడు, అంతసేపు."

"కళ్లు తెరిచి ఉంటాయా, మూసుకుంటాయా?"

"మూసే," అన్నాడాయన. "తెరిచే," అంది అత్తగారు.

"ఏ చెయ్యి కదులుతుంది?"

"చెయ్యి కూడా కదులుతుందా?" అని ఆయన ఎదురడిగాడు.

"నాకు బాగా గుర్తు," అంది అత్తగారు. "మా చెల్లెలిచ్చిన గాజుగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయావు. నిలబడి నిలబడి వదిలేశావు. నాలుగు ముక్కలు!"

"ఏ చేత్తో పట్టుకున్నాను అత్తయ్యా?"

"బాగుందే! గిన్నెను చూస్తానా, నీ చెయ్యి చూస్తానా?"

ఆమెకు ముందు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. పక్క మీద వాలాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. పాలు పొంగిన రోజు అందరికీ గుర్తుంది, ఇస్త్రీపెట్టె కింద ఆయన ప్యాంటు మాడిన రోజు గుర్తుంది, గిన్నె ఎన్ని ముక్కలైందో కూడా గుర్తుంది. ఆ పక్కనే నిలబడి ఉన్న మనిషి మాత్రం ఎవరికీ గుర్తులేదు. బాధేసింది, ఒళ్లు మండింది, వాటిని మించి భయమేసింది. మంచం పక్కన కూర్చున్నవాళ్లు 'అది' మొదలవగానే గుర్తుపట్టి బటన్ నొక్కాలని టెక్నీషియన్ అమ్మాయి మరీ మరీ చెప్పింది. నాలుగు రోజుల రికార్డులో ఏ అరనిమిషం చూడాలో డాక్టరుకు చూపించేది బటన్ నొక్కితే పడే ఆ గుర్తేనట. ఎవరూ నొక్కకపోతే ఆ అరనిమిషం జారిపోవచ్చు. పరధ్యానమన్న మాటే ఖాయమైపోతుంది.

మర్నాడు ఆఫీసులో ఈ గిన్నె కథ పెన్సిలక్కకు అభినయంతో సహా చెప్పింది. వాళ్లది పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థ. ప్రూఫులు ఇద్దరిద్దరు కలిసి దిద్దుతారు. ఒకరు రాతప్రతి పైకి చదివితే ఒకరు అచ్చుప్రతిలో తప్పులు పట్టాలి. ఆమె చదివే మనిషి, ముడిలో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరిగే ఈ అక్క దిద్దే మనిషి. డాక్టరు దగ్గరికి వెళ్లమని నెలరోజులు పోరింది కూడా ఈవిడే.

పెన్సిలక్క నవ్వలేదు. అడుగు సొరుగు లాగి పాత ప్రూఫుల కట్ట బల్లమీద పెట్టింది. అంచుల్లో అక్కడక్కడా సన్నటి పెన్సిల్ చుక్కలు, పక్కన తేదీ, ఒక అంకె.

"ఇవేం తప్పులక్కా?"

"తప్పులు కావే, నువ్వు ఆగిన చోట్లు. మాట సగంలో ఆగిపోతావు. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు ఎడమవైపుకి పోతుంది. ఏదో నములుతున్నట్టు పెదాలాడతాయి. కుడిచేతి వేళ్లు కాగితం అంచు నలుపుతాయి. పిలిస్తే పలకవు. ముప్పై అయిదు సెకన్లకి తక్కువ లేదు, యాభై దాటలేదు. తర్వాత అదే వాక్యం మొదట్నుంచి ఎత్తుకుంటావు."

"ఇవన్నీ ఎందుకు రాసి పెట్టావు?"

"ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారని. నీకు తెలియదాయె, మరి ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా?"

పదకొండు చుక్కలు. ఆమె ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసుకుంది. తాను తనలో లేని ఆ పదకొండుసార్లూ పక్కన ఒక మనిషి ఉందన్నమాట, గడియారం చూస్తూ, తన చెయ్యి చూస్తూ. కన్నీళ్లొచ్చాయి, వాటితో పాటే పట్టరాని సంతోషమూ వచ్చింది. "ప్రూఫు తడిపావంటే మళ్లీ అచ్చు వేయించాలి," అంది పెన్సిలక్క. ఫారంలో ఆ పేజీ అక్కడే కూర్చుని ఆవిడే నింపింది. తనకూ నాలుగు రోజుల సెలవు కావాలని చీటీ రాసి మేనేజరు బల్లమీద పెట్టొచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫారంలో ఇంకొక్క ఖాళీ మిగిలింది. ఆస్పత్రిలో రోగి పక్కన ఉండేవారి పేరు.

"నాది రాసెయ్," అన్నాడు భర్త ఫోన్లోంచి తలెత్తకుండా. "లాప్‌టాప్ తెచ్చుకుని అక్కడే పనిచేసుకుంటా."

"అక్కడ నన్ను చూస్తూ ఉండటమే పనండీ."

"నీలో కొత్తగా చూసేదేముంది?" అని ఆయన నవ్వాడు. సరసమే ఆడాడు పాపం. ఆమె పెన్సిలక్క పేరు రాసింది.

ఆయన ఫోను పక్కన పెట్టి కాగితం లాక్కున్నాడు. "ఇదేంటి? మొగుణ్ణి నేనుండగా బయటి మనిషి పేరా? ఇదిగో, రోగికి ఏమవుతారని అడిగాడు కింద. ఏమవుతుందని రాస్తావు?"

ఆమె ఆలోచించలేదు. కాగితం వెనక్కి తీసుకుని, ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నన్ను చూసిన మనిషి.'

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. ఈసారి ఆమె మొహంలోకి చూస్తూ అడిగాడు, "మరి నేనో?"

"మీరూ రండి," అంది ఆమె నవ్వుతూ. "ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకుందురు గాని."