గోడ దూకని కోడి

లింగస్వామికి టికెట్లు కొట్టడం తప్ప వేరే చేతిపని రాదు. నకిరేకల్ మీదుగా తిరిగే బస్సులో కండక్టరు. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఆయన భార్య కౌసల్యే స్టూలెక్కాలి. అలాంటి మనిషి సెలవునాడు సుత్తి పట్టుకుని పెరట్లోకి దిగాడంటే దానికి కారణం కోడి కాదు, గోడ.

ఛాతీ ఎత్తున్న ఆ గోడకు అవతల నాజియా ఇల్లు. రెండిళ్లకూ పెరళ్లు మాత్రమే కలుస్తాయి. వీళ్ల వాకిలి ఈ వీధిలో ఉంటే వాళ్ల వాకిలి వెనక వీధిలో ఉంది. చుట్టు తిరిగి పోవాలంటే మసీదు దాకా నడవాలి కాబట్టి ఆడవాళ్లిద్దరి రాకపోకలూ ఆ గోడ దగ్గరే తీరిపోతాయి. కౌసల్య పెంచే ఎర్ర కోడిపెట్ట పొద్దున్నే గోడ దూకి, నాజియా పెరట్లో మూలకు పడేసిన పాత కూలర్లో గుడ్డు పెట్టి వస్తుంది. ఇక మొదలు.

"నా కూలర్ల పెట్టింది, గుడ్డు నాదే!"

"నూకలు వేసేది నేను, గుడ్డు నీదెట్లయితదే?"

గొంతులు లేచాయంటే లింగస్వామి చెప్పులేసుకుని డ్యూటీకి పరుగు తీసేవాడు. చిల్లర కోసం బస్సులో పడే గొడవే ఆయనకు ఎక్కువ. కానీ లోపల ఒక భయం ఉండేది. నాజియా మొగుడు చోటే మియా బోరు బండి మీద పనిచేస్తాడు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. పోయేటప్పుడల్లా "లింగన్నా, మా ఇల్లు జర చూస్కో" అని చెప్పి పోతాడు. ఈ గుడ్డు గొడవ ముదిరి ఆడవాళ్లకు మాటలు బందయితే అవతల ఇంటిని చూసుకునేదెవరు? ముసలి అత్త అన్వరీ బేగం, ఈ పిల్ల నాజియా, ఇద్దరే ఉంటారు. పెట్ట గోడ దూకకపోతే పీడ పోతుందని లింగస్వామి తేల్చుకున్నాడు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమిటా అని మురిసిపోయాడు కూడా.

ఫోన్లో ఎవరో తెల్లదొర కోళ్లగూడు కడుతుంటే చూశాడు. దొర మాటలు అర్థం కాలేదు, చేతులు అర్థమయ్యాయి అనుకున్నాడు. కర్రలు, ఇనుప జాలి, రేకు, మొలలు తెచ్చి పెరడంతా పరిచాడు. నాలుగు కాళ్లు నిలబెడితే మూడే నేలకానాయి. పొడుగున్నదాన్ని కోస్తే అది పొట్టిదైపోయింది. దానికి సరిపడా మిగిలినవి కోస్తే మరొకటి గాల్లోకి లేచింది. గంట గంటకూ గూడు కుంగుతోంది గానీ కుదురుగా నిలబడడం లేదు. దొరకు ఇట్లా ఎందుకు కాలేదో ఆయనకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చివరికి ఆ కాలి కింద రాయి పెట్టి, జాలి కొట్టడానికి లోపలికి దూరాడు. చుట్టూ మొలలు దిట్టంగా దిగ్గొట్టి చెమట తుడుచుకుంటూ చూస్తే తలుపుకు జాగా వదల్లేదు. తాను లోపలే ఉన్నాడు.

"అక్కా, నీ పుంజు మంచిగున్నదే!" అంది నాజియా గోడ మీంచి.

కౌసల్య కొంగు నోట్లో కుక్కుకుని కింద కూలబడింది. ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. లింగస్వామి జాలి లోంచి చూస్తూ బిత్తరపోయాడు. పొద్దున్నే ఒకరినొకరు అన్ని మాటలన్నారు కదా, ఇప్పుడీ నవ్వులేమిటి? ఎటూ తేల్చుకోలేక పటకారుతో జాలి కత్తిరించుకుని బయటపడ్డాడు. ఆ కంతకే రేకు ముక్కతో తలుపు పెట్టి గడియ బిగించాడు.

మొత్తానికి గూడు నిలబడింది. కోళ్లు పగలూ రాత్రీ లోపలే. ఎర్ర పెట్ట చక్కగా గూట్లోనే గుడ్డు పెట్టింది. గోడ దగ్గర కిక్కురుమనే మనిషి లేడు. లింగస్వామి మొదటిసారి నింపాదిగా కూర్చుని చాయ్ తాగి డ్యూటీకి పోయాడు.

ఆ తర్వాతే ఇంట్లో ఏదో తేడా కొట్టింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. కౌసల్య ఊరికే గోడ దాకా పోయి నిలబడి వస్తోంది.

"ఏమైందే?" అన్నాడు.

"ఏం కాలే."

"కొట్లాట బందయింది గదా, ఇంకేం ఫికర్?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి పోయింది. లింగస్వామి చాలాసేపు తల గోక్కున్నాడు. పెట్ట మళ్లీ తప్పించుకుంటుందని బెంగ పెట్టుకుందేమోననిపించి తలుపుకు రెండో గడియ బిగించాడు.

పాలుపోసే యాదమ్మ రెండు వీధులూ తిరుగుతుంది. ఒకరోజు పొద్దున పాలు కొలుస్తూ అంది: "నాజియాను నిన్ననే దవాఖాన నుంచి తెచ్చిండ్రు. కడుపు నిలవలేదంట పాపం. మొగడు బోరు బండి మీద యాడనో ఉన్నడు, ఫోన్ కలుస్తలేదంట."

కౌసల్య చేతిలో గిన్నె జారి పాలన్నీ అరుగు మీద పడ్డాయి.

"నాకు తెల్వలే," అంది. "గోడ పక్కనే ఉండి గూడ నాకు తెల్వలే! మూడో నెలని అత్తకన్నా ముందు నాకే చెప్పింది."

"నీకెప్పుడు చెప్పింది?" లింగస్వామికి ఏమీ అర్థం కాలేదు. "మీరు కొట్లాడుకుంటరు గదా?"

"కొట్లాట అయినంక ఏం చేస్తమనుకున్నవయ్యా? నువ్వెన్నడన్న ఆగి ఇన్నవా? గుడ్డు మీద నాలుగు మాటలనుకుంటం, అయినంక కూసొని ఇంటి కష్టం చెప్పుకుంటం. ఏ పని లేక ఊకె గోడ కాడ నిలబడితే వాళ్లత్త ఊకుంటదా? మొన్న పిలిచిన. పలకలే. కోడిని మూసేసినమని అలిగిందనుకున్న. నేను గూడ అలిగిన!"

లింగస్వామి గూడు వంక చూశాడు. ఏది కాకూడదని సుత్తి పట్టాడో అదే తన చేత్తో చేసి పెట్టాడు. "పద, మసీదు దిక్కు నుంచి పోయి పలకరిద్దాం," అన్నాడు.

"పోయి ఏం లాభం? అత్త ముందర అది ఏడ్వదు. పండ్లు బిగబట్టి కూసుంటది."

కౌసల్య గూడు దగ్గరికి పోయింది. మొదటి గడియ వచ్చింది, రెండోది రాలేదు. లింగస్వామి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. ఆమె ఆగలేక జాలిని రెండు చేతులా పట్టి పీకింది. వేళ్లు గీరుకుపోయినా చూసుకోలేదు. ఎర్ర పెట్టను చంకలో పెట్టుకుపోయి గోడ మీంచి అవతలికి విసిరింది. అది కెక్కెక్కుమంటూ వాళ్ల పెరటినంతా లేపింది.

అవతల ఇంట్లోంచి అన్వరీ బేగం గొంతు వినిపించింది: "అగో, గా కోడి మల్ల వచ్చింది! నాజియా, పో, జర అడుగు వాళ్లను!"

నాజియా మెల్లగా నడిచి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. గోడ మీద చేతులానించి, అలవాటు కొద్దీ గొంతెత్తింది. "నీ కోడికి సిగ్గు లేదానే అక్కా? మల్ల మా ఇంట్లకే..." అక్కడికే మాట ఆగిపోయింది.

కౌసల్య గోడ మీంచి ఆమె తలను లాక్కుని భుజానికి అదుముకుంది. "వస్తది!" అని పెద్దగా అరిచింది. "రేపు గూడ వస్తది! ఎల్లుండి గూడ వస్తది! ఏం చేస్తవో చేస్కో!" అరుస్తున్న కౌసల్య కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆమె భుజం మీద నాజియా వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఇగ చాలు, ఆపుండ్రి!" అని లోపలి నుంచి ముసలామె కసిరింది.

కౌసల్య ఆపలేదు. తిట్లు తడుముకుంటోంది, గొంతు జీరపోతోంది, అయినా అరుస్తూనే ఉంది. ఊడిన గడియ చేతిలో పట్టుకుని చూస్తున్న లింగస్వామికి, ఆమె అరుపు ఆగితే నాజియా ఏడుపు లోపలున్న అత్తకు వినబడుతుందని అప్పుడు తట్టింది. ఎవరిని తిట్టాలో తెలియకుండానే ఆయన కూడా గోడ దగ్గరికి పోయి గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టాడు.