హన్మంత్ సారు కొలిచిన వెలుతురు

మా కాలేజీ కరస్పాండెంట్ హన్మంత్ వెలుతురును కొలిచేశాడు. కొంగరకలాన్ పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, ఇబ్రహీంపట్నంలో జూనియర్ కాలేజీ పెట్టినవాడికి వెలుతురు ఒక లెక్కా? మేడ మీద ఒక లేజరు, అర కిలోమీటరు అవతల నీళ్ల ట్యాంకు మీద ఆ వెలుతురును పట్టే డబ్బా, చెరో గడియారం. వైర్లు లాగింది కాలేజీలో కరెంటు పని చేసే నేనే, పదో తరగతి రెండుసార్లు తప్పిన సామ్యేలుని. వెలుతురు ఒక్కవైపు పోయే వేగాన్ని లోకంలో మొదట కొలిచింది మేమేనని ఫ్లెక్సీ కూడా అచ్చయింది. ఇక ఫిజిక్స్ మేడం సంతకమే మిగిలింది.

ఆ మేడం నా మేనకోడలు నర్మద. సంతకం పెట్టనంది. పెట్టకపోతే సోమవారం నుంచి రావద్దన్నాడు ఆయన.

ఎందుకు పెట్టవని అడిగాను.

"రెండు గడియారాలు కలపనీకి మళ్ల వెలుతురునే పంపిన్రు మామా. పోయొచ్చిన టైముల సగం పోనీకి, సగం రానీకి అనుకున్నరు. అనుకున్నదాన్నే కొలిచినమంటున్నరు. పోయిరానీకి ఎంతసేపో ఒక్క గడియారంతోని చెప్పొచ్చు. ఒక్కవైపుది ఎవ్వలు చెప్పలేరు."

నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

శనివారం స్టాఫ్ మీటింగులో ఫ్యాను బాగుచేసే వంకతో నిచ్చెనెక్కాను. హన్మంత్ కాగితాన్ని నర్మద ముందుకు తోశాడు. నేను పైనుంచే నాకో అనుమానం ఉందన్నాను.

"మంచాల ఊరికెల్లి వచ్చే బస్సు పొద్దున ఆడి గడియారంల ఎనిమిదిన్నరకు ఎల్తది సార్. ఈడికి మన గడియారంల తొమ్మిదీ పదికి వస్తది. నలభై నిమిషాలు. సాయంత్రం మన గడియారంల ఐదింటికి ఎక్కితే ఆడ ఐదూ ఇరవైకే దిగుతరు. గదే బస్సు, గదే డ్రైవరు. పోయేటప్పుడు రెక్కలొస్తయా?"

రోజూ ఆ బస్సులోనే వచ్చి, రిజిస్టరులో ఆలస్యమని ఎర్ర గీత పడి జీతం కోతపడే ఉమారాణి మేడం తలెత్తింది.

చదువురానివాడికి పాఠం చెప్పే అవకాశాన్ని హన్మంత్ వదులుకుంటాడా? కుర్చీలో వెనక్కి వాలాడు.

"బస్సుకేం కాలే సామ్యేలూ. రానీకి అరగంట, పోనీకి అరగంటనే. మన గోడ గడియారం పది నిమిషాలు ముందున్నది. నేనే పెట్టిన."

 

"మీరే పెట్టిన్రా సార్?" అంది ఉమారాణి, జూన్ నుంచి పడిన ఎర్ర గీతలున్న రిజిస్టరును మెల్లగా దగ్గరికి లాక్కుంటూ. మిగతా లెక్చరర్లు కూడా ఆమె భుజం మీదుగా వంగారు.

నర్మద ఇదే సందని పెన్ను తీసింది. కాగితంలో 'ఒక్కవైపు' అన్న మాట కొట్టేసి, 'రానూపోనూ' అని రాసి, కింద సంతకం పెట్టి ఆయన వైపు తోసింది.

"గిదైతే నిజం సార్. సోమవారం రావాల్నా, వద్దా?"

ఆయన రిజిస్టరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. రమ్మన్నట్టు తలూపాడు.

నిచ్చెన ఎలాగూ వేసే ఉంది కదా అని గోడ గడియారం దగ్గరికి జరిపాను. ముల్లును పది నిమిషాలు వెనక్కి తిప్పుతుంటే ఒక్కరూ వద్దనలేదు.