ముందు గది కొలతలు

జాకెట్టుకు ఆఖరి హుక్కు కుడుతుండగా మౌలాలీ వచ్చి, మిషను బల్ల మీద ఒక కాగితం పెట్టి, "ఇక్కడ ఒక సంతకం పడెయ్యవే. రేపే ఆఖరు రోజంట" అన్నాడు.

గుల్షన్ పళ్ళతో దారం తెంపింది. "ఏముంది అందులో?"

"ఏముంటది? ఇంటి పన్ను తగ్గించమని అర్జీ. కోర్టు బజార్లో వెంకటప్పయ్య గారి చేత రాయించా. ఇల్లు నీ పేరున తగలడింది గనక నీ సంతకం కావాల. లేకపోతే నేనే పెట్టేవాణ్ణి."

తగలడింది అన్నాడే గానీ కోపంగా ఏం అనలేదు పాపం. దాచేపల్లి రోడ్డులో పొద్దుటి నుంచీ సిమెంటు లారీల కింద పడుకుని నట్లు తిప్పి వచ్చిన మనిషి, ఆకలి మీదున్నాడు. స్థలం గుల్షన్ తండ్రి ఇచ్చిందాయె. కాగితాలు ఆమె పేరునే ఉన్నాయి. అంతమాత్రాన ఆ ఇంట్లో ఆమెను అడిగి మేకు కొట్టినవాడు లేడనుకోండి, అది వేరే సంగతి.

"చదివి పెడతా" అంది.

"అందులో చదివేదేముందే?" అంటూ అతను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

చదివింది. "సదరు గుల్షన్ కేవలం గృహిణి. ఏ వృత్తియు, ఏ వ్యాపారమును లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నందున కాలక్షేపం నిమిత్తం అప్పుడప్పుడు కుట్టుమిషను తిప్పుకొనును. కావున సదరు ఇంటిని పూర్తిగా నివాస గృహముగా పరిగణించి పన్ను తగ్గింపవలసినదిగా ప్రార్థన."

ఖాళీగా! ఒళ్ళో క్రోసూరు పెళ్ళికూతురి జాకెట్టు. ఎదురుగా కొక్కేనికి ఇంకో ఆరు. మూలన మాచవరం బడి పిల్లల యూనిఫారాలు నడుమెత్తు కుప్ప. పొయ్యి మీద పప్పు. ఇంత ఖాళీ ఎవరికైనా ఉంటుందా అసలు?

ఈ గోలంతా నెల కిందట వచ్చిన నోటీసుతో మొదలైంది. ఇంటి పన్ను ఒక్కసారిగా మూడింతలైంది. ఎందుకయ్యా అంటే, ఇల్లు మొత్తం వ్యాపారానికే వాడుతున్నారట. "టైలరింగు షాపు, పనివారు ముగ్గురు" అని రాసి ఉంది. ఆ మాట ఎవరు చెప్పారో ఇంట్లో అందరికీ తెలుసు. గుల్షన్ అత్త మస్తాన్‌బీయే చెప్పింది.

ఆమెను అనడానికీ లేదు. సంబంధం అడగబోయే ముందు పిల్లవాడి తరఫున ఒక పెద్దమనిషి, ఎవరో ఏమిటో చెప్పకుండా వచ్చి, మంచినీళ్ళు అడిగి, ఇల్లూ వాకిలీ చూసి, ఆ మాటా ఈ మాటా లాగి వెళ్ళడం వాళ్ళలో ఉన్నదే. కూతురు నాజియాకు డిగ్రీ ఆఖరి ఏడు. గుల్షన్ లైనింగు గుడ్డ కోసం బజారుకు వెళ్ళిన పూట ఒకాయన వచ్చాడు. నీళ్ళడిగాడు. గోడలు చూశాడు. ఫోన్లో ఇంటి ఫోటో తీసుకున్నాడు. ఇల్లు ఎవరిది, ఎవరెవరు ఏం చేస్తారు అని నెమ్మదిగా అడిగాడు. ఇంకేం కావాలి? ముసలామె ఆయన్ని కూర్చోబెట్టి, సేమ్యా కాచి పెట్టి, "మా కోడలిది పెద్ద షాపు బాబూ. చుట్టుపక్కల మండలాల పెళ్ళిళ్ళన్నీ దాని చేతి మీదే. ముగ్గురు పని చేస్తారు. ఇల్లంతా గుడ్డలే, కాలు పెట్టే సందుండదు" అని ఊదరగొట్టింది. ఆయన సేమ్యా తాగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయాడు. తీరా చూస్తే ఆయన పెళ్ళివారి మనిషి కాదు, ఇంటి పన్ను వేసే ఉద్యోగి.

ఈ సంగతి చెప్పుకుని వీధి వీధంతా నవ్వింది. గుల్షనూ నవ్వింది. కానీ ఆ నోటీసును ఆమె జాకెట్ల ఆదులు రాసుకునే నోటు పుస్తకంలో దాచుకుందనీ, రోజుకోసారి తీసి చూసుకుంటోందనీ ఎవరికీ తెలియదు. మూడింతల పన్ను కట్టమన్న కాగితాన్ని చూసి మురిసిపోయే మనిషిని ఏమనాలి? తనకే సిగ్గుగా ఉండేది. కానీ ఏం చేస్తుంది? ఇరవై రెండేళ్ళ నుంచీ వింటున్న మాటలు ఒకటా రెండా. "ఇంట్లోనే ఉంటావుగా, గ్యాసు బండ దించుకోలేవా?" "ఇంట్లోనే ఉంటావుగా, మా చెల్లెలి పురుడు నువ్వు చూడు." మౌలాలీ స్నేహితులు వచ్చి మిషను చప్పుడు వింటే, "ఏదో తిప్పుకుంటదిలే, టైం పోవాలిగా" అనేవాడు. చెడ్డవాడై అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. రెండో గదికి స్లాబు పడ్డప్పుడు, ఆ సిమెంటులో సగం జాకెట్ల మీద వచ్చిందని అతనికి తెలుసు. తెలిసీ "నేను స్లాబు ఏశా" అని చెప్పుకున్నాడు. పక్కన పడుకునే మనిషికి ఇన్నేళ్ళూ కనిపించనిది, సేమ్యా తాగడానికి కూర్చున్న పరాయివాడికి పావుగంటలో కనిపించింది. ఆమె పని చేస్తుందని చెప్పిన కాగితం ఈ లోకంలో అదొక్కటే. ఇప్పుడు అది అబద్ధమని తనే సంతకం పెట్టాలి.

అలాగని పన్ను కట్టేద్దామా అంటే, ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టడం? పైగా ఇల్లు మొత్తం వ్యాపారమన్నదీ నిజం కాదు. వంటింట్లో ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదానికి ఒక్కరూ ఒక్క పైసా ఇచ్చింది లేదు, అదేం వ్యాపారం నా మొహం!

గుల్షన్ కాగితం పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. మస్తాన్‌బీ వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఒక చొక్కాకు కాజాలు కుడుతోంది.

"అత్తా, ముగ్గురు పని చేస్తారని ఎందుకు చెప్పావు?"

"ఇంకా అదే మాటా? పొరపాటైందని నెత్తీ నోరూ కొట్టుకుంటన్నా గదే."

"కోపంతో కాదు. ముగ్గురనే ఎందుకన్నావు? నలుగురనో అయిదుగురనో చెప్పొచ్చుగా."

ముసలామె సూది ఆపి కోడలి మొహంలోకి చూసింది. "ఉన్నది ముగ్గురమేగా? నువ్వు కత్తిరించి కుడతావు. నాజియా హుక్కులూ ఫాల్సూ ఏసుద్ది. ఈ కాజాలు ఎవరు కుడతన్నారు, దెయ్యాలా? లేనిది చెప్తే కళ్ళు పోతాయి. నేను లెక్క సరిగ్గానే చెప్పా."

గుల్షన్‌కు నవ్వొచ్చింది. తన పని ఎవరికీ కనిపించలేదని ఇన్నేళ్ళూ కుమిలిపోయిన తను, పక్కనే కూర్చుని కాజాలు కుట్టిన ఈ మనిషిని ఒక్కరోజైనా లెక్కలో వేసిందా? "అత్తకు కాలక్షేపం" అని ఎన్నిసార్లు అనలేదు! ఆ చొక్కా తీసి పక్కన పెట్టి, ముసలామె వేళ్ళు కాసేపు తన చేతుల్లో పట్టుకుంది. సూది పోట్లతో చివర్లు గట్టిపడి ఉన్నాయి.

"నాజియా," అని పిలిచింది. "తెల్లకాగితం తెచ్చుకో. అర్జీ మనమే రాద్దాం."

మౌలాలీ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి భార్య టేపు పట్టుకుని ముందు గది నేల మీద వంగి ఉంది.

"ఏందే ఇది?"

"ముందు గది ఒక్కటే పనికి వాడుతున్నామని, మిగతా ఇల్లు కాపురానికని రాస్తా. ఈ గదికి ఎంత వేస్తే అంత కడతా. మిగతాది తగ్గించమంటా."

"పిచ్చా నీకు? ఏ పనీ లేదని రాస్తే మొత్తం తగ్గుద్ది గదే. లాయర్ల దగ్గర పనిచేసినాయన రాసిచ్చాడు."

"ఆయన ఎప్పుడైనా మనింటికి వచ్చాడా?" అంది గుల్షన్, తల ఎత్తకుండానే. "నేను ఖాళీగా ఉన్నానని నా చేత్తో సంతకం పెట్టలేనయ్యా. మీరు ఎన్నిసార్లు అన్నా ఊరుకున్నా. నేనే ఎట్టా అనుకునేది? ఆ కొస పట్టుకోండి, టేపు జారిపోతంది."

ఎప్పుడూ అంత నెమ్మదిగా, అంత గట్టిగా ఆమె మాట్లాడింది లేదు. మౌలాలీ కూర్చుని కొస పట్టుకున్నాడు. బట్టలు కొలిచే టేపు, అరవై అంగుళాలకు అయిపోతుంది. రెండు టేపులు, పైన పదిహేను అంగుళాలు పొడుగు. ఒక టేపు, పైన నలభై ఎనిమిది వెడల్పు. ఆమె అంగుళాలు చెబుతుంటే నాజియా అడుగుల్లోకి మార్చి రాస్తోంది.

మిషను కింద టేపు పరచబోయి అతను ఆగాడు. పెళ్ళయిన ఏడాది, దాచేపల్లి నుంచి తను దగ్గరుండి లారీలో వేయించుకొచ్చిన నాపరాళ్ళవి. పెడలు ముందు ఒకచోట రాయి తెల్లగా, నున్నగా గుంటపడి ఉంది. వేలితో తడిమాడు.

"ఇదేంది, రాయి ఇట్టా అరిగింది?"

"నా మడమ," అంది గుల్షన్.

అరుగుదల అంటే ఏమిటో మెకానిక్కుకు ఒకరు చెప్పాలా. బేరింగు చూసి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పగలడు. ఆ గుంటలో గోరు ఆనించి లోతు చూశాడు. తర్వాత లేచి, వెంకటప్పయ్య గారి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అన్నం నేను పెట్టుకుంటాలే," అన్నాడు. "రాసుకోండి."

నాజియా అర్జీ చివర రాసింది: ఈ గదిలో పనిచేయువారు: గుల్షన్, కటింగు, కుట్టు. నాజియా, హుక్కులు, ఫాల్సు. మస్తాన్‌బీ, వయసు డెబ్భై ఒకటి, కాజాలు. ముసలామె తన పేరున్న ముక్క మూడుసార్లు చదివించుకుంది. "వయసు ఎందుకు రాశావే, చెరిపెయ్యి" అని విసుక్కుంది గానీ మొహం మాత్రం వెలిగిపోయింది.

మర్నాడు వార్డు సచివాలయంలో అర్జీలు తీసుకునే హెప్సిబా కాగితం మొత్తం చదివి, మంచిపిల్ల గనక, గొంతు తగ్గించి మౌలాలీతో అంది: "అంకుల్, ఈ ముందు గది సంగతి మీరే ఒప్పుకుంటున్నారేంటి? మిషను రెండు రోజులు లోపల పెట్టేసి, ఏ పనీ లేదని రాస్తే పోయేదిగా. రోజూ ఎవరొచ్చి చూస్తారు?"

మౌలాలీ అలవాటుగా తనే జవాబు చెప్పబోయి, కాగితాన్ని భార్య వైపు జరిపాడు.

గుల్షన్ కౌంటరు మీది పెన్ను అందుకుని, తన పేరు పొడుగ్గా, తొందరేం లేకుండా, చివరి అక్షరం దాకా రాసింది.

"నేను చూస్తన్నాగా తల్లీ," అంది.