నీటికుక్కలు తేల్చిన తగువు

మా పాపకు పేరు పెట్టే హక్కు తీసుకెళ్లి ఒక చేప చేతిలో పెట్టారు. పెట్టినవాళ్లు ఇద్దరు: మా బాపు పోశం, మా మామ సదయ్య. ఇద్దరూ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లే. బాపుకు వాళ్లమ్మ సమ్మవ్వ పేరు కావాలి. మామకు వాళ్లమ్మ లింగవ్వ పేరు కావాలి. నాకు హర్షిణి అని పెట్టుకోవాలని ఆశ. కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న పేరు అది. మోసి కన్నదాన్ని నేనైనా నన్నడిగే దిక్కు లేదు. మా ఆయన ప్రశాంత్‌ను మాట్లాడమంటే “షిఫ్టుకు టైమైతుంది” అని బండెక్కాడు.

చివరికి వియ్యంకులిద్దరూ పందెం కాశారు. ఆదివారం చెరువులో ఎవరు పెద్ద కొర్రమీను పడితే వాళ్లమ్మ పేరు. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది.

చెరువంటే చిన్నదనుకునేరు. గోదావరికి అడ్డంగా కట్ట వేశాక వెనక నిలిచిన నీళ్లు అవి. అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తే అదే గొప్ప. బాపు రిటైరయ్యాక ఆ ఒడ్డునే ఇల్లు కట్టుకున్నాడు. పురుటికి వచ్చిన నేను రోజూ అక్కడే తిరిగేదాన్ని. ఎండిన కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేవి. తామరాకుల మీద పొడుగుతోక పిట్ట ఒకటి గుడ్లు పొదుగుతూ ఉండేది. అది మగది. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకో మగాణ్ని చూసుకుంటుందట. ఈ సంగతి ప్రశాంత్‌కు ఎప్పుడు చెప్పబోయినా ఫోనొచ్చిందని లేచిపోయేవాడు.

అన్నిటికంటే నాకు నీటికుక్కలంటే ఇష్టం. తుంగ వెనక ఒక కుటుంబమే ఉంది. పొద్దున్నే వరసగా ఈదుతూ చేపల్ని ఒడ్డు వైపు తరుముతాయి. ఒకదాన్నొకటి పిలుచుకుంటూ అచ్చం విజిల్ వేసినట్టు కూస్తాయి. దొంగబుద్ధి కూడా ఎక్కువే, వల కొరికి చేపలు ఎత్తుకుపోతాయి.

అందుకే శనివారం నాడు తీయగా చెప్పాను. “తుంగ కాడ కూసోండ్రి బాపూ. కొర్రమట్టలు గాన్నే ఉంటయి.”

అబద్ధమేం కాదు, కొర్రమీన్లు నిజంగానే అక్కడ ఉంటాయి. ఇంకెవరుంటారో మాత్రం చెప్పలేదు. చేప ఎవరికి పడినా నీటికుక్కల పాలైతే పందెం పోతుందని నా లెక్క.

మర్నాడు పాపను అమ్మకు అప్పగించి సద్ది తీసుకెళ్లేసరికి ఇద్దరూ పక్కపక్కనే గాలాలు వేసుకుని కూర్చున్నారు.

“గట్ల దగ్గకు బావా, చేపలు మంచిర్యాల దాక ఉరుకుతయి,” అన్నాడు మామ.

“ఉరికితె ఉరకనీ. నీ గాలం చూసి నవ్వుకుంట ఉరుకుతయి,” అన్నాడు బాపు.

అప్పటికే మామకు ఒకటి, బాపుకు ఒకటి పడ్డాయి. రెండింటినీ ఒకే వల సంచిలో వేసి, చావకుండా గూటానికి కట్టి నీళ్లలో వదిలారు. నాదే పెద్దదంటే నాదే పెద్దదని ఇద్దరూ గొంతులు చించుకుంటున్నారు. ఇంటికెళ్లి తూకం వేద్దామని తేల్చుకున్నారు.

అప్పుడు తుంగలోంచి విజిల్ వినపడింది. వెంటనే ఇంకొకటి.

బాయిలో బొగ్గు పగలడానికి మందుగుండు పేల్చేముందు విజిల్ వేస్తారు. అది చెవిన పడిందంటే చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేసి చాటుకు పరుగెత్తాలి. వీళ్లు బతుకంతా అలా పరుగెత్తినవాళ్లే. గాలాలు నీళ్లలో పడ్డాయి. బాపు మామ రెక్క పట్టి లాక్కుంటూ వెళ్లి బండ వెనక కూలబడ్డాడు. తన వీపు బయటికి పెట్టి, మామ తలను రెండు చేతులతో కప్పేశాడు.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. బాయిలో ఎట్లుంటది బాపూ అని ఎప్పుడడిగినా “ఏముంటది, బొగ్గుంటది” అనేవాడు. ఏముంటుందో నాకు ఆ పూట తెలిసింది.

ఇంతలో వల సంచి కదిలింది. మూడు నల్లటి తలలు దాన్ని పీకుతున్నాయి. పోతే పోనీ అనే అనుకున్నాను. కానీ కొర్రమీను పులుసు గుర్తొచ్చి మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాను. సంచి ఒక పక్క నేను, ఒక పక్క నీటికుక్క. అది ఒక చేపతో ఉడాయించింది. ఇంకొకటి నాకు దక్కింది.

దుమ్ము దులుపుకుంటూ ఇద్దరూ వచ్చారు.

“గిది నాదే,” అన్నాడు బాపు.

“నీదెట్లయితది? నీదాన్ని గది పట్టుకపోయింది,” అన్నాడు మామ.

చేపను అటూ ఇటూ తిప్పి చూశారు. గుర్తుపట్టడం ఇద్దరి వల్లా కాలేదు.

“మీ ఇద్దరివి నీళ్లల్లనే పోయినయి,” అన్నాను. “గిది నేను నీటికుక్క నోట్లకెంచి గుంజుకున్న. నాది. పాప పేరు హర్షిణి.”

“గట్లెట్ల బిడ్డా?” ఇద్దరూ ఒకేసారి లేచారు.

“అయితె చాయ్ హోటల్ కాడ చెప్పన్నా? నీటికుక్క కూస్తె బండ సాటుకు ఉరికిండ్రని?”

మామ చేప వైపు, బాపు నా వైపు చూశారు.

“పేరు మంచిగనే ఉన్నది కద బావా,” అన్నాడు మామ.

“మంచిగనే ఉన్నది. జల్ది నడువుండ్రి, ఆకలైతుంది,” అన్నాడు బాపు.

తొట్టెలో వేసిన రోజు తాతలిద్దరూ పాప చెవిలో పేరు చెప్పాలన్నారు అమ్మలక్కలు. ఇద్దరూ బుద్ధిగా వంగారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. బాపు సమ్మవ్వ అన్నాడు, మామ లింగవ్వ అన్నాడు. ఎదుటివాణ్ని మోసం చేశానన్న ధీమాతో ఇద్దరూ మీసాలు దువ్వుకుంటూ భోజనాలకు వెళ్లారు.

గది ఖాళీ అయ్యాక “హర్షిణీ” అని పిలిచాను. పాప ఆవలించింది. ఎవరూ లేరు కదా అని మెల్లగా “సమ్మవ్వా... లింగవ్వా...” అన్నాను. కాళ్లు తన్నుకుంటూ బోసినోటితో నవ్వింది. ఇది కూడా వాళ్ల పార్టీలోనే చేరిపోయింది.