ఎడమ తలుపు మడతబందులు

దానమ్మ తమ్ముడి సంచి సర్దుతోంది. సర్దుతోంది అనడం కంటే, పెట్టింది తీస్తోంది, తీసింది మళ్లీ పెడుతోంది అనడం న్యాయం. రెండు తెల్ల చొక్కాలు, నాలుగు బనియన్లు, చలి పోయే కాలమైనా ఒక ఉన్ని టోపీ, ఆళ్లగడ్డలో పండ్లు తోముకునేవాళ్లే లేనట్టు రెండు డబ్బాల పండ్లపొడి. సంచి నిండితే ప్రయాణం ఖాయమైపోతుందని ఆమె భయం. అందుకే బుధవారం పొద్దున మొదలుపెట్టిన సంచి మధ్యాహ్నానికి కూడా సగమే ఉంది.

నంద్యాలకు ఆళ్లగడ్డ ఏమంత దూరం కాదు. బస్సెక్కి శిరివెళ్ల దాటేలోపు పక్కన కూర్చున్నామె పేరు తెలుస్తుంది, దిగేలోపు ఆమె కోడలి తప్పులన్నీ తెలుస్తాయి. కానీ దానమ్మ దూరాన్ని కిలోమీటర్లతో కొలిచే మనిషి కాదు. వారం రోజుల పనికని శ్రీశైలం డ్యాముకు పోయిన భర్తను పెట్టెలో పెట్టి తెచ్చినప్పటి నుంచి, ఎవరు గడప దాటినా వాళ్లు తిరిగొచ్చేదాకా ఆమె తలుపు గడియ వేయదు.

తమ్ముడు సాల్మన్ రాజుకు అరవై ఎనిమిదేండ్లు. నీటిపారుదల ఆఫీసులో జీపు తోలి తోలి, రిటైరయ్యాక అదే జీపును వేలంలో కొనుక్కున్నాడు. భార్య పోయాక పదకొండేండ్లుగా నంద్యాల నూనెపల్లెలో అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఇప్పుడు పెండ్లి చేసుకుంటున్నాడు. పెండ్లికూతురు లూదియా, ఆళ్లగడ్డ ఆమె, నర్సు పని చేసి మానుకున్న విధవరాలు. శనివారం అక్కడి చర్చిలో పెండ్లి. తర్వాత కాపురం కూడా అక్కడే. ఆమెకు రెండు బర్రెలున్నాయి. బర్రెల్ని నంద్యాలకు తోలుకురావడం కంటే మొగుణ్ణి ఆళ్లగడ్డకు తోలుకుపోవడం సులువని అందరూ తేల్చారు. దానమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. అతను పోతే ఆ ఇంట్లో మిగిలేది ఆమె ఒక్కతే.

ఇక జీపు సంగతి. దాని ఎడమ తలుపు మూడేండ్లుగా కొబ్బరితాడు మీద బతుకుతోంది. మడతబందులు అరిగిపోయి, తాడు విప్పితే తలుపు చేతికొస్తుంది. సంబంధం చూసుకోవడానికి వచ్చినప్పుడు లూదియా ఆ తాడును కాసేపు చూసి ఒక్కటే మాట అడిగింది.

"పెండ్లినాడు ఈ తలుపు నా ఒళ్లో పెట్టుకొని కూచోవాల్నా?"

ఆ మాట సాల్మన్ రాజుకు ముల్లులా గుచ్చుకుంది. ఊరంతా తిరిగి, పాత ఇనప అంగట్లో రెండు తలుపులకూ సరిపడా కొత్త మడతబందులు సంపాదించాడు. ఒక్కో బందుకు రెండు ముక్కలు. జీపుకు బిగించే ముక్కలో బొక్క ఉంటుంది, తలుపుకు బిగించే ముక్కకు లావుపాటి మేకు ఉంటుంది. మేకు పైనుంచి బొక్కలోకి దిగి కూర్చోవాలి. ఎడమవి కుడికి వేస్తే మేకు తలకిందులై, తలుపును మోసేది ఏమీ ఉండదు. సాల్మన్ రాజు కండ్లు అంతంతమాత్రమని తెలిసిన అంగడాయన ఎడమ బందులకు ఎర్రదారం, కుడి బందులకు తెల్లదారం కట్టి మరీ పంపాడు.

బుధవారం మధ్యాహ్నం సాల్మన్ రాజు అన్నం తిని కునుకు తీస్తుండగా, దానమ్మ ఆ దారాలు మార్చి కట్టింది. ఏం చేస్తున్నానని ఆలోచించేలోపే చేతులు చకచకా పని ముగించాయి. ఒక్కరోజు ఆలస్యమైతే చాలనుకుంది.

సాల్మన్ రాజు కండ్లను నమ్మలేదు, దారాన్ని నమ్మాడు. మేకు ఆకాశం వైపు చూస్తుంటే, ఇప్పుడొచ్చేవి ఇట్లనే చేస్తాండారేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తలుపు మూసినంతసేపు గడియ పట్టుకొని నిలబెట్టింది. అక్కా చూడుమని పిలిచి, పెండ్లికొడుకు హోదాలో తలుపు తీశాడు. తలుపు నేరుగా వచ్చి అతని రొమ్ముకు ఆనుకుంది. దాన్ని కావలించుకొని చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది.

గురువారం అతను అన్నీ విప్పి, దారాలు పారేసి, ఈసారి చేత్తో తడిమి చూసుకొని సరిగ్గా బిగించాడు. తలుపు చక్కగా నిలిచింది. అతను స్నానానికి పోయాడు. దానమ్మ చారులో పోపు వేసి వచ్చి, పానా తీసుకొని నట్లన్నీ నాలుగు నాలుగు చుట్లు వదులు చేసి, మళ్లీ పోయి చారు దించింది.

సాయంత్రం అతను జీపును దీవించమని పాస్టరు జయరాజు దగ్గరికి తీసుకుపోయాడు. నూనెపల్లె గుంతలు తమ వంతు పని అవి చేశాయి. పాస్టరయ్య ప్రార్థన ముగించి, ఎక్కి కూర్చుందామని పిడి పట్టుకోగానే తలుపు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన కంగారులో ఆమెన్ అన్నాడట. ఇంటికొచ్చి ఈ సంగతంతా చెప్పిన సాల్మన్ రాజు నవ్వలేదు. మంచం పట్టె మీద కూర్చొని నేల చూశాడు.

అతనికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటుంది. ఏ పెద్ద పనికైనా దేవుడు మూడుసార్లు గుర్తు చూపిస్తాడని నమ్ముతాడు. మూడు గుర్తులు చూసుకునే జీపు కొన్నాడు, మూడు గుర్తులు చూసుకునే అక్క ఇంటికి వచ్చాడు.

"రెండుసార్లు పడిపాయ కదక్కా. ఇంకొక్కసారి బిగిస్తా. అదీ పడితే ఈ పెండ్లి ఆయనకు ఇష్టం లేదనే. లూదియాకు ఫోన్ చేసి చెప్పినా."

"నువ్వు సరిగ్గా బిగించకుండా ఆయన మీద పెడతావేందిరా?"

"బిగించిందీ పడిందీ నాకు తెలుసు కదా."

ఒక్కరోజు ఆలస్యం కోసం దానమ్మ చేసిన కొంటెపని ఏకంగా దేవుని సంతకమై కూర్చుంది. ఆ రాత్రి ఆమె తన వంతు అన్నం తినకుండా చట్టిలో వేసి నీళ్లు పోసింది.

శుక్రవారం పొద్దున సాల్మన్ రాజు మూడోసారి తలుపు ఎత్తి పెట్టాడు. కానీ మనసు విరిగిన మనిషి కదా, నట్లు వేళ్లతో తిప్పి వదిలేశాడు, పానా ముట్టనే లేదు. సాయంత్రం దాకా నిలిస్తే పోతానని, లేకుంటే లేదని చెప్పి క్షవరానికి పోయాడు.

దానమ్మ దగ్గరికి పోయి చూసింది. నట్లన్నీ ఊగుతున్నాయి. నాలుగుసార్లు తీసి వేస్తే చాలు, తలుపు కిందికొస్తుంది. ఈసారి ఆమె వేలు కూడా కదపనక్కర్లేదు. కాళ్లు చాపుకొని కూర్చుంటే తమ్ముడు జీవితాంతం ఇంట్లోనే ఉంటాడు. పాపం కూడా అంటదు. ఆ ఆలోచన ఎంత తీయగా ఉందంటే ఆమెకు భయం వేసింది.

అంతలో ఆటో దిగి లూదియా వచ్చింది. మొదటి బస్సుకే బయలుదేరి వచ్చిందట. పలకరింపులు ముక్తసరిగా ముగించి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం పైరెక్క మీదున్న పానా చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. పిడి మీద పచ్చగా వేళ్ల గుర్తులున్నాయి.

"వదినా, దేవుని చేతులకు పసుపు అంటుకుంటుందా?"

దానమ్మ తన చేతుల వైపు చూసుకొని, వాటిని కొంగులో దాచుకుంది. ఇక ఇప్పుడు తిట్లు పడతాయనుకుంది. లూదియా తిట్టలేదు. కొంగుతో పిడి తుడిచి, చాలా మామూలుగా, చెల్లెలు కాపురానికి పోయేనాడు తాను ఆమె చెప్పులు బావిలో వేసిన సంగతి చెప్పింది. చెల్లెలు వట్టికాళ్లతోనే పోయిందట. చెప్పులు పోయినాయని ఎవరూ ఆగరని ఆ రోజే తెలిసిందట.

"నీ తమ్ముడు ఈడనే ఉండాల్నంటే చెప్పు వదినా, ఇప్పుడే బస్సెక్కి పోతా. ఏడ్వను, ఎవురికీ చెప్పను. కానీ దేవుడు వద్దన్నాడని ఆయన ఏడ్చుకుంటా కూచుంటే మాత్రం నాకు సహించదు."

పెరట్లో కోడి ఒకటి ఊరికే అరుస్తోంది. దానమ్మ కొంగులోంచి చెయ్యి తీసి చాపింది.

"ఆ పానా ఇట్లియ్యి. నీకు చేతకాదు. మూడు దినాలుగా నేను ఈ తలుపుతోనే ఉండా."

లూదియా తలుపును భుజంతో ఎత్తి పట్టుకుంది, దానమ్మ బిగించింది. డెబ్బై రెండేండ్ల చేతుల్లో అంత బలం ఎక్కడ దాగుందో మరి, నట్టు కిర్రుమనేదాకా తిప్పింది. పైబందు అయ్యాక కిందిబందు, కిందిది అయ్యాక మళ్లీ పైది. లూదియా ఇంక చాలు వదినా అంటున్నా వినలేదు. తర్వాత ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. దానమ్మ రెండుసార్లు కడుక్కుంది.

నున్నటి గడ్డంతో వచ్చిన సాల్మన్ రాజు, అరుగు మీద లూదియాను చూసి తడబడ్డాడు. వేడినీళ్లను ముట్టుకున్నట్టు తలుపును వేలితో తాకాడు. తీశాడు, మూశాడు. పదిసార్లు తీశాడు, పదిసార్లు మూశాడు. టక్కున పడుతోంది గడియ. ఆడవాళ్లిద్దరూ వేరే ఎటో చూస్తూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"అక్కా, చూసినావా? ఆయన ఒప్పుకున్నాడు."

"ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడులే. నడుమ ఎవరో అడ్డం పడినట్టుండారు."

లూదియాకు చిక్కుడుకాయ గొంతుకు అడ్డం పడినంత దగ్గు వచ్చింది. సాల్మన్ రాజు నీళ్లు తేవడానికి లోపలికి పరుగెత్తాడు.

శనివారం పెండ్లి జరిగింది. చర్చి నుంచి ఇంటికి పోయేటప్పుడు జీపులో ఎడమవైపు లూదియా కూర్చుంది, వెనక దానమ్మ కూర్చుంది. దారి పొడుగునా ప్రతి గుంతకూ దానమ్మ గుండె పట్టుకుంది గానీ తలుపు కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండులో తమ్ముడు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఈస్టరుకు ఇద్దరమూ నంద్యాలకు వస్తామని, నాలుగు దినాలుంటామని చెప్పాడు. టోపీ పెట్టుకొమ్మని ఆమె చెప్పింది. ఎండలో టోపీ ఏందక్కా అని అతను నవ్వాడు. బస్సు కదిలింది.

సాల్మన్ రాజు మళ్లీ నంద్యాలకు రాలేదు. ఆ ఈస్టరు రాకముందే, 2024 మార్చి 6, బుధవారం, ఆళ్లగడ్డలో చనిపోయాడు.