గుంపులో పడుచు నక్షత్రం

జర్మనీలో హైడెల్‌బర్గ్ కొండమీది ఆ ఖగోళ పరిశోధన సంస్థలో ఎవరి పరిశోధన పత్రాన్ని పత్రిక అచ్చుకి ఒప్పుకుంటే వాళ్లే కేకు చేసి తేవాలి. ఆ రోజు వీబ్కె ప్లమ్ కేకు తెచ్చింది. పదిన్నర కాఫీ వేళకి సగం ఖాళీ. తిండి దగ్గర శాస్త్రవేత్తలకి మొహమాటం తక్కువ.

ఆ పత్రం తప్ప ఆమెకి వేరే దిక్కు లేదు. తాత్కాలిక ఉద్యోగాలకి అక్కడి చట్టం ఇచ్చిన గడువు సెప్టెంబరుతో సరి, ఆ తర్వాత శాశ్వత ఉద్యోగం లేకపోతే బయటికే. శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూ గురువారం. తొమ్మిదేళ్లు కూర్చుని ఆమె తేల్చింది ఒక్కటే: ఒకానొక నక్షత్రాల గుంపు వయసు నలభై లక్షల ఏళ్లని. గుంపులో అన్నిటికన్నా నీలంగా, ధగధగా వెలిగే నక్షత్రాన్ని బట్టి కట్టిన లెక్క అది. అంత భారీ నక్షత్రాలు ఎక్కువకాలం బతకవు కాబట్టి, గుంపు కూడా లేతదేనని.

ఆమె గదిలోనే కూర్చునే గెసీనె నక్షత్రాల అయస్కాంత బలం కొలుస్తుంది. ఆమె కేకు ముట్టకుండా వచ్చి తలుపు వేసింది.

"నీ నీలం పిల్లకి అయస్కాంత బలం విపరీతంగా ఉందే. పైగా నత్తలా తిరుగుతోంది."

నత్తలా తిరుగుతోందని వీబ్కెకి ఆరేళ్ల కిందటే తెలుసు. ఇంత లేతది గిర్రున తిరగాలి గదా, పరికరమే తప్పు చెప్పిందని ఆ కొలతని పక్కన పెట్టింది తనే. ఇప్పుడా కొలతని అయస్కాంత బలం పక్కన పెట్టి చూసింది. రెండు నక్షత్రాలు కలిసి ఒకటైపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. కొత్త ఇంధనం నడిబొడ్డుకి దిగి, వయసు దాచుకుని వెలుగుతుంది. దొరికేది కొసరు ఆయుష్షే, కరిగిపోయిన కాలం తిరిగి రాదు. మిగతా నక్షత్రాలని బట్టి చూస్తే గుంపు వయసు కోటి ఏళ్లు. తొమ్మిదేళ్ల పని నీళ్లపాలు.

"గురువారం దాకా నోరు మూసుకుంటాలే," అంది గెసీనె. "ఎవరికీ చెప్పలేదు."

వీబ్కెకి ఏడుపు కన్నా ముందు ఆశ పుట్టింది. అలా పుట్టినందుకు సిగ్గేసింది. వద్దని తల ఊపి, పత్రం వెనక్కి తీసుకుంటున్నానని పత్రిక సంపాదకుడికి రెండు వాక్యాలు రాసి పంపేసింది.

అప్పుడే డైరెక్టరు ఎక్‌హార్ట్ చేతిలో పళ్లెంతో వచ్చాడు. గురువారం గురించి బెంగపడవద్దన్నాడు.

"నీకు నలభై నాలుగంటే ఎవరు నమ్ముతారు? ముందు బోలెడు జీవితం ఉంది."

"చూడ్డానికే," అంది వీబ్కె.

వేళాకోళమనుకుని ఆయన నవ్వి, కాఫీ బల్ల దగ్గరికి వెళ్లి ఇంకో ముక్క కోసుకున్నాడు.