పక్క పంపు చప్పుడు

నాన్న పోయిన రోజు పొద్దున ఇంట్లో కుట్టుమిషను ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు విన్నాకనే కూతురు నిశ్చింతగా గడప దాటింది.

కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఒక అలవాటు ఏర్పడింది. ఆయనకు ఆయాసం ఎక్కువైతే అమ్మ మిషను ఆపేసేది. ఎవరూ ఆపమనలేదు. ఆయనైతే, "ఆ టకటక లేకపోతే నాకే తోచదు, కానియ్యి" అనేవాడు. అయినా ఆపేసేది. కూతురు యూనివర్సిటీ నుంచి వస్తూ వీధి మలుపు దగ్గరే చెవులు రిక్కించేది. మిషను వినిపిస్తే మామూలుగా నడిచేది. వినిపించకపోతే పరుగే.

ఆ రోజు మాత్రం ఆయనే పట్టుబట్టాడు.

"నా చొక్కాకి చేతులు కుట్టెయ్యి. అమ్మాయి ఇంటర్వ్యూ గెలుచుకొచ్చేసరికి కొత్త చొక్కా తొడుక్కుని పెళ్ళికొడుకులా కూర్చుంటాను."

"ముందు ఆ గడ్డం గీసుకోండి పెళ్ళికొడుకుగారూ" అంటూ అమ్మ మిషను ముందు కూర్చుంది.

కూతురు చదువుతున్నది కృత్రిమ మేధ. నాలుగేళ్ళ చదువులో మూడో ఏడంతా ఏదో ఒక సంస్థలో పనిచేయాలి. ఏడాది చివర పనికొచ్చే వస్తువొకటి తయారుచేసి చూపించాలి. బాగుందని ఆ సంస్థ రాసివ్వాలి. ఇవ్వకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఇరుగుపొరుగువాళ్ళు "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగితే నాన్న, "యంత్రాలకి బడి పెడుతోంది. అవి కూడా చిన్నప్పుడు దీనిలాగే బడికి పోనని మొండికేస్తాయట" అనేవాడు.

పెద్ద కంపెనీ అద్దాల గదిలో, తనను ఎప్పుడు పిలుస్తారా అని కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. ఆమె ఇంటికి చేరేసరికి చొక్కాకు ఒక చెయ్యి మాత్రమే కుట్టి ఉంది. సూది ఇంకా బట్టలోనే దిగి ఉంది.

ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. తోటివాళ్ళందరూ చల్లటి గదుల్లో కుదురుకున్నాక యూనివర్సిటీ వాళ్ళు మిగిలినదాన్ని ఆమెకిచ్చారు. అది నగరానికి నీళ్ళు తోడే పంపుహౌసు.

నేలలోకి దిగే ఇనుప మెట్లు, చెమ్మ పట్టిన గోడలు, నూనె వాసన, వరసగా ఆరు పంపులు. లోపల మాట్లాడాలంటే అరవాలి, లేదా చేతులతో సైగ చేయాలి. పంపు మోటారు లోపల ఇరుసు తిరిగే గుండ్రటి బేరింగు అరిగిపోతే మోటారు కాలిపోతుంది. మోటారు కాలిపోతే ఆ వైపు వీధులకు రెండు రోజులు నీళ్ళుండవు. అందుకని ముందే కనిపెట్టాలి. ఆ పని ఫిట్టరుది. ఉక్కు కడ్డీ ఒక కొన పంపుకు ఆనించి, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. మనిషి గొప్పలకు తక్కువేం కాదు.

"ఈ హౌసులో ఏ పంపు దగ్గినా ఇంట్లో నాకు మెలకువొస్తుంది. మీ పిన్నిని అడుగు" అన్నాడు మొదటి రోజే.

"పిన్ని దగ్గితే మెలకువొస్తుందా బాబాయ్?"

"అదడక్కు."

ఆ వినికిడిని యంత్రానికి నేర్పడం ఆమె పని. ప్రతి పంపుకూ చిన్న మైకు అతికించింది. దాంతో అక్కడ ఆమెకు చెవులమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. తను వేళకు వచ్చి మామూలు చప్పుళ్ళు రికార్డు చేసేది. ఫిట్టరుకు ఏ పంపు మీదైనా అనుమానం వస్తే, విని, మీట నొక్కి చెడ్డ చప్పుడుగా రికార్డు చేసేవాడు. తరువాత విప్పి చూసేవాళ్ళు. అతని అనుమానం దాదాపు ఎప్పుడూ నిజమయ్యేది. ఇలా పోగైన చప్పుళ్ళన్నీ ఆమె కంప్యూటరులోని మోడలుకు వినిపించి, ఇది మంచిది, ఇది చెడ్డది అని నేర్పింది. నేర్చుకున్నాక పరీక్ష పెడితే నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. అది బాగుందన్న పంపు మీద పచ్చదీపం, చెడిందన్న పంపు మీద ఎర్రదీపం వెలిగేలా అమర్చింది.

ఇంజనీరు మేడం ఆ అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. మిగిలిన పంపుహౌసులన్నిటికీ ఇదే పెడదామని పైఅధికారులను పిలిచింది. మూడు వారాల్లో వస్తామన్నారు.

అంతలో ఒక మధ్యాహ్నం, రెండో పంపు దగ్గర గోడకున్న బల్బు మార్చాలని ఎలక్ట్రీషియన్లు ఆ పంపు ఆపారు. వెంటనే దాని పక్కనున్న ఒకటో పంపు మీదా, మూడోదాని మీదా ఎర్రదీపాలు వెలిగాయి. ఒకటోదాని మోటారు కిందటి వారమే బిగించిన కొత్తది. బల్బు పని అయిపోయి రెండోది తిరగడం మొదలవగానే ఎర్రదీపాలు ఆరిపోయాయి.

ఫిట్టరు పగలబడి నవ్వాడు. "పక్కవాడు కాస్త కనపడకపోతే బెంగతో జ్వరం తెచ్చుకున్నాయి!"

ఆమె నవ్వలేదు. మూడోది ఆపించింది. రెండోదీ నాలుగోదీ ఎర్రబడ్డాయి. ఐదోది ఆపించింది. నాలుగోది మళ్ళీ ఎర్రబడింది.

"బాబాయ్, అనుమానం వచ్చినప్పుడు మీరు పక్క పంపు ఆపేసి వింటారా?"

"ఆపకపోతే ఎలా? పక్కింట్లో మేళం వాయిస్తుంటే రోగి గుండె చప్పుడు వినమన్నట్టుంటుంది. మా గురువు నాటినుంచీ అంతే."

అందరూ అలాగే చేసేవాళ్ళు. అందరికీ అది ఎంత మామూలంటే, చెప్పాలని ఎవరికీ తోచలేదు, అడగాలని ఆమెకూ తోచలేదు. చెడ్డ చప్పుళ్ళన్నీ పక్క పంపు ఆగి ఉండగా రికార్డయ్యాయి, మంచివన్నీ అది తిరుగుతుండగా. మోడలు బేరింగును వినడమే లేదు. పక్క పంపు చప్పుడుందా లేదా అని మాత్రమే వింటోంది.

ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. వీధి మలుపులో నిలబడి మిషను చప్పుడు కోసం వినడం గుర్తొచ్చింది. ఆ మిషను వింటూ, లోపల నాన్నను వింటున్నానని అనుకుంది. ఆ ఆఖరి పొద్దున కూడా మిషను చక్కగా ఆడింది.

సాయంత్రం ఇంజనీరు మేడం గదికి వెళ్ళి జరిగింది చెప్పింది.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు చెప్పకపోతే అధికారులకి తెలిసేది కాదు."

"పంపుకి తెలుస్తుంది మేడం. పక్కది తిరుగుతూ ఉంటే ఏ బేరింగు అరిగినా ఇది పచ్చదీపమే చూపిస్తుంది. అందరూ నమ్మి ఊరుకుంటారు."

"వాళ్ళ రాక నేను వాయిదా వెయ్యలేను. ఆ రోజుకి ఇది పనిచెయ్యకపోతే నీకు బాగుందని రాసివ్వడం కూడా నా వల్ల కాదు. అబద్ధం రాయను."

"రాయొద్దు మేడం. ఆరో పంపు ఇప్పించండి చాలు."

ఆరోది అవసరానికని ఉంచిన పంపు. ఫిట్టరు తుక్కులోంచి అరిగిన బేరింగులన్నీ ఏరుకొచ్చాడు. ఒక్కొక్కటీ దానికి బిగించడం, పక్క పంపు తిరుగుతుండగా ఒకసారి, ఆపి ఒకసారి రికార్డు చేయడం, విప్పడం, ఇంకోటి బిగించడం. మంచి పంపులనూ అలాగే రెండు విధాలా రికార్డు చేశారు.

"బాగున్న పంపుని చెడగొట్టి జీతం తీసుకోవడం నా సర్వీసులో ఇదే మొదలు" అన్నాడు ఫిట్టరు, మోచేతుల దాకా గ్రీజుతో.

"మీ గురువుగారికి చెప్పకండి."

"ఆయన పైనుంచి చూస్తూనే ఉంటాడు. నిన్నూ నన్నూ కలిపి తిడుతుంటాడు."

కొత్త రికార్డింగులతో మొదటిసారి నేర్పితే మోడలు సగం కంటే కాస్త పైన తెచ్చుకుంది. నాణెం ఎగరేసి చెప్పినా దాదాపు అన్నే మార్కులొస్తాయి. ఆ రాత్రి ఇంట్లో ఆమె అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అమ్మ అడిగింది, "నీ బళ్ళో పిల్లలు మాట వినట్లేదా?"

నాన్న పోయాక అమ్మ నోట ఆయన మాట రావడం అదే మొదలు.

"ఉన్నది ఒక్కడే అమ్మా. మొద్దు వెధవ."

"నీకు ఎక్కాలు రావడానికి మీ నాన్నకి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా? తిను."

రెండో వారం చివరికి మొద్దు వెధవ దారిన పడ్డాడు. నూటికి తొంభై దాటలేదు గానీ, పక్క పంపు ఆపినా తిప్పినా ఒకటే మాట చెప్పడం నేర్చుకున్నాడు.

అధికారులు నలుగురు వచ్చారు. ఇనుప మెట్లు దిగుతూ ఒకరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పొద్దున్నే ఫిట్టరు అన్ని పంపులూ కడ్డీతో విని, "అన్నీ పెళ్ళికి వెళ్ళొచ్చు" అని ధైర్యం చెప్పాడు. అవసరానికి ఉంచిన ఆరోదానితో సహా అన్నీ తిప్పారు. అన్నిటి మీదా పచ్చదీపాలు వెలిగాయి. ఆమె ముందుగా తప్పు ఎలా జరిగిందో చెప్పింది, తరువాత ఎలా సరిచేసిందో చెప్పింది. చెబుతుండగానే మూడో పంపు మీద ఎర్రదీపం వెలిగింది.

ఫిట్టరు ఒక్క అంగలో వెళ్ళి కడ్డీ ఆనించాడు. తల అడ్డంగా ఊపాడు. దగ్గరికొచ్చి ఆమె చెవిలో అరిచాడు, "బాగానే ఉందే! పరువు తీసేట్టుంది ఇది!"

"పక్కది ఆపి వినండి బాబాయ్!"

నాలుగోది ఆపారు. హోరు తగ్గింది. పాత మోడలైతే మాట మార్చే చోటు ఇదే. ఇప్పుడు మంచి పంపు పక్కన నిశ్శబ్దం వచ్చినా అది పచ్చగానే ఉండాలి, చెడ్డదైతే ఎర్రగానే. ఐదోది పచ్చగా ఉంది. మూడోది ఎర్రగానే ఉంది.

ఫిట్టరు మళ్ళీ విన్నాడు. మళ్ళీ తల అడ్డంగానే ఊపాడు. రుమాలు అధికారి చేతి గడియారం చూసుకున్నాడు.

ఆమె ఎర్రదీపం వైపు మరోసారి చూసింది. "విప్పండి బాబాయ్."

"బాగున్నదాన్నా? వీళ్ళ ముందా?"

"విప్పండి."

అతను మేడం వైపు చూశాడు. మేడం ఆమె వైపు చూసింది. తరువాత తల ఊపింది.

పంపు ఆపి, మోటారు మూత విప్పి బేరింగు బయటికి తీసేదాకా అధికారులు పైన టీ తాగారు, మళ్ళీ తాగారు. ఆమె కిందే నిలబడింది. ఫిట్టరు బేరింగును కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, దీపం కిందికి తీసుకెళ్ళి వేలితో తిప్పాడు. సగం తిప్పి ఆగిపోయాడు. లోపలి ఉక్కు వలయం మీద చిట్లిన పెచ్చు, గోరంత కూడా లేదు. ఇంకా కడ్డీకి అందేంత చప్పుడు దానికి రాలేదు. నాలుగు వారాలు ఊరుకుంటే మోటారునే మింగేది.

అతను ఒక్క కేక పెట్టాడు. ఎలక్ట్రీషియన్లు పరుగెత్తుకొచ్చారు.

"చెవులమ్మా! నాకు వినపడనిది దీనికి వినపడిందే!" అంటూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, గ్రీజు చేతితోనే బేరింగును రుమాలు అధికారి అరచేతిలో పెట్టాడు. "చూడండి సార్, గోరు పెట్టి చూడండి. మా అమ్మాయి పట్టింది!"

అధికారి గోరు పెట్టి చూశాడు. రుమాలు చేయి తుడుచుకోవడానికి పనికొచ్చింది. అన్ని పంపుహౌసులకూ చెవులు పెట్టాలని అక్కడే చెప్పాడు. మేడం ఆ సాయంత్రమే యూనివర్సిటీకి రాసింది. ఏం రాసిందో ఆమెకు చూపించలేదు గానీ, రాస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

ఆమె బేరింగు అడిగి తెచ్చుకుంది. వీధి మలుపు తిరిగాక అలవాటు చొప్పున ఆగింది. ఏమీ వినిపించలేదు. పరుగెత్తకుండా నడిచి, తలుపు తీసి లోపలికి వెళ్ళి, అమ్మను చూసింది. అమ్మ బియ్యం ఏరుతోంది.

"పాసయ్యాడా మొద్దు వెధవ?"

"ఫస్టున పాసయ్యాడమ్మా. నేను కూడా."

అమ్మ బేరింగు చేతిలోకి తీసుకుని, తిప్పి, ఆ పెచ్చు దగ్గర వేలు ఆపింది. "ఇంత చిన్నదాన్నే కనిపెట్టావు" అంది. ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. అమ్మ దాన్ని తీసుకెళ్ళి ముసుగు వేసిన కుట్టుమిషను మీద పెట్టింది.

ముసుగు కింద నాన్న చొక్కా అలాగే ఉంది. రెండో చెయ్యి ఇంకా కుట్టాలి.